తొమ్మిదో మంచం నిఘంటువు

విజయనగరం పెద్దాసుపత్రిలో
మందు మాన్పించే వార్డుకి కిటికీలు మూడే.
మూడోది ఎంత లాగినా మూసుకోదు.
దాని కింద తొమ్మిదో మంచం,
సనపల గవరయ్య మాస్టారిది.
ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి చెప్పి
ఇప్పుడు మజ్జిగ గ్లాసు
రెండు చేతుల్తో పట్టుకున్నా తొణికించేసే మనిషిది.

తలగడ కింద నిఘంటువు.
కేలండరు కాగితం అట్ట. లోపల 'డి' అక్షరం మొత్తం లేదు.
ఏమైంది మాస్టారూ అంటే
"శనగల పొట్లాలైపోయిందమ్మా,
సాయంత్రానికి నాలుగేసి పేజీలు" అన్నారు,
పద్దు అప్పజెప్పినట్టు.

రాత్రి డ్యూటీ నాది.
నిద్రమాత్ర పనిచేసేదాకా వార్డుకి పాఠం ఆయనది.
గ్లటన్ అంటే మింగేవాడట,
ఆ మాటలోనే గుటక చప్పుడుందట.
లెచర్ అంటే నాకేవాడు.
లగ్జరీ ఒకప్పుడు తిట్టు, కామానికి పేరు.
"మరి ఆర్టీసీ బస్సు మీద రాసేసారేటి?"
నాలుగో మంచం అడిగితే
ముందు నవ్వింది మాస్టారే.

"మనవాళ్ళు అంత దూరం పోలేదు,
సాలలోంచి ఒక పోతుని తోలుకొచ్చి
తాగుడికీ తిండికీ తిరుగుడికీ
దాన్నే కట్టేశారు.
ఇది పుస్తకంలో లేదు, నా ఊహ."

డిబాచ్ పేజీ శనగలతో పోయింది గనక
నోటితోనే చెప్పారు:
పనిచేసే చోటు నుంచి మనిషిని పక్కకి లాగడం,
అని కొందరంటారు.
నెల్లిమర్ల జూట్ మిల్లు తవిటయ్య లేచి కూర్చున్నాడు.
"నన్నెవుడూ లాగనేదు బాబూ.
మిల్లే తాళమేసుకుంది.
నాను గేటు కాడే ఉన్నాను.
కొట్టు గేటుకి ఎదురుగుంది."

ఆ రాత్రి ఇంకో మాట మిగిలింది. ఎడిక్ట్.
రోములో బాకీ తీర్చలేనివాణ్ణి
న్యాయాధికారి ఒక్క మాటతో
అప్పిచ్చినవాడికి అప్పగించేవాడట.
ఆ అప్పగింతే ఈ మాట.
ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.
"అంటే కంబారోడు" అన్నాడు తవిటయ్య.
"మా అయ్య గజపతినగరం కాడ
రెండు పుట్ల గింజలకి పదేళ్ళు కంబారి సేసాడు.
ఆడికి తాగుడు నేదు."

ఆదివారం మాస్టారి భార్య అచ్చియ్యమ్మ వచ్చింది,
కేరియర్లో చోడంబలి, చెంగులో బస్సు టికెట్టు.
ఆయన తాగుతుండగా అడిగింది:
"బియ్యం డబ్బాలో డబ్బులు దాచి
ఏ డబ్బాలో దాచిందో తనే మరిచిపోయేదాన్ని,
వీధి గడియ కదిల్తే
నిద్దట్లోనే లేచి కూచునేదాన్ని
ఏటంటారో చూడండి ఆ పుస్తకంలో."

మాస్టారు వేలు తడి చేసుకున్నారు.
చాలాసేపు తిప్పారు.
దేనికోసం వెతుకుతున్నారో
నాకూ తెలియలేదు, ఆయనకీ తెలిసినట్టు లేదు.
"చిరిగిపోయినోట్లో ఉందేమోలెండి"
అని ఆవిడ గిన్నెలు సర్దుకుంది.

వెళ్ళేరోజు వరండాలో ఆగి
నాకొక్కదానికే చెప్పారు:
"ఆల్కహాల్ అంటే అసలు కాటుకమ్మా, అరబ్బుల మాట.
మెత్తగా నూరిన పొడికి పెట్టిన పేరు
దేన్నయినా వడగట్టి తీసిన సారానికి పాకింది,
ఆఖరికి సారాకి అంటుకుపోయింది.
మనకైతే సున్నా తీసి దీర్ఘం పెడితే చాలు."
నవ్వబోయి దగ్గారు.
మళ్ళీ రావద్దు మాస్టారూ అన్నాను.
సరే అనలేదు, రాను అనలేదు,
"తలుపు మూసుకోదు కదమ్మా ఆ కిటికీకి" అన్నారు.

ఇంటికొచ్చి పాపకి స్నానం చేయించి
బరిణె మూత తీసి
వేలు ముంచి
ఆగాను.
అది చూడమ్మా అన్నట్టు అరికాలు ముందుకి చాపింది.
చుక్క పెట్టాను.

రాత్రి రిజిస్టర్లో కొత్త పేరు రాస్తుంటే
'జబ్బు' అన్న గడిలో
నా వేలి నలుపు ముందే అంటుకుని ఉంది.
దాని పక్కన ఏం రాయాలో
పెన్ను తెరిచి పట్టుకుని
కాసేపు కిటికీ వైపు చూశాను.